పిల్లిని చెకప్‌కి తీసుకెళ్లడం ఎలా? ఇంటి నుంచి వెట్ (పశువైద్యుడి) దాకా, మళ్లీ ఇంటి దాకా

పిల్లులు పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. "బాగానే తింటోంది, బాగానే ఆడుకుంటోంది, ఇక వెట్ దగ్గరికి ఎందుకు?" అనేది మొదటిది. "తీసుకెళ్దామంటే క్యారియర్ (పిల్లిని మోసుకెళ్లే పెట్టె) కనబడగానే మంచం కిందికి దూరిపోతోంది, ఎలా పట్టుకోవాలి?" అనేది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. పిల్లి తన బాధను బయటపెట్టదు. పన్ను నొప్పిగా ఉంటే రెండో పక్కతో నమిలి గిన్నె ఖాళీ చేస్తుంది. కీళ్లు నొప్పి పుడితే కుంటకుండా, ఎత్తు ఎక్కడం మానేస్తుంది. మనం వయసు మీద పడింది అనుకుని ఊరుకుంటాం. కిడ్నీల సంగతైతే మరీ కష్టం. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) పెరిగినట్టు కనబడేసరికే వాటి పనితనంలో నాలుగింట మూడు వంతుల దాకా పోయి ఉంటుంది. అందుకే బాగున్నప్పుడే చూపించాలి. బాగున్నప్పటి అంకెలు చేతిలో ఉంటేనే తేడా వచ్చినప్పుడు అది తేడా అని డాక్టర్ పట్టుకోగలరు.

ఇక్కడ రాసేది ప్రధానంగా రెండో ప్రశ్న గురించి. వెట్ దగ్గర జరిగే గొడవలో ఎక్కువ భాగం ఇంట్లోనే మొదలవుతుంది. ఇంట్లో సరిచేసుకుంటే అక్కడ పని చాలా తేలికవుతుంది.

ఎన్నాళ్లకోసారి?

పిల్లి కూనలకు 6–8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోసారి వేయిస్తారు. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాలు నిండాక. పెద్ద పిల్లికి కనీసం ఏడాదికోసారి చెకప్ ఉండాలి. 10 ఏళ్లు దాటితే 6 నెలలకోసారి. పదేళ్ల పిల్లి అంటే మన లెక్కలో సుమారు 56 ఏళ్ల మనిషి.

"మా పిల్లి గడప దాటదు, దానికి టీకాలెందుకు?" అని అడగకండి. పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక పిల్లి జబ్బు వైరస్ మన చెప్పులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. బయట వాతావరణంలో నెలల తరబడి బతికే రకం అది.

వీటికి చెకప్ తేదీ దాకా ఆగొద్దు

- మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోవడం. ఇది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.
- నోరు తెరిచి ఊపిరి తీయడం.
- 24 గంటలుగా ఏమీ తినకపోవడం. లావుపాటి పిల్లి తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు చేరి ప్రమాదమవుతుంది.
- ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోవడం.

వీటిలో ఏది కనబడినా ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి. ఆ సమయంలో క్యారియర్ లేకపోతే మూత ఉన్న బట్టల బుట్టయినా, గాలి ఆడే దిండు గలీబైనా పనికొస్తుంది.

ఏమేం కావాలి?

- పైభాగం ఊడివచ్చే గట్టి ప్లాస్టిక్ క్యారియర్
- పిల్లి రోజూ పడుకునే గుడ్డ (ఉతక్కండి, దాని వాసనే మనకు కావాలి), అదనంగా రెండు పెద్ద తువ్వాళ్లు
- అడుగున పరచడానికి తడి పీల్చే ప్యాడ్
- దానికి బాగా ఇష్టమైన తిండి కొంచెం
- టీకాల పుస్తకం, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల ఫొటోలు, తిండి ప్యాకెట్ వెనకవైపు ఫొటో
- డాక్టర్ అడిగితే ఆ రోజుదే తాజా మలం, బొటనవేలి కొనంత, మూత ఉన్న డబ్బాలో
- బరువు చూసే మెషీన్

ఇవి సమకూర్చుకున్నాక ఇక పనిలోకి దిగుదాం.

1. సరైన క్యారియర్ ఎంచుకోండి

పిల్లి లోపల నిలబడి చుట్టూ తిరగగలిగేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే దారిలో అటూ ఇటూ జారుతుంది. ముందు తలుపుతో పాటు పైమూత కూడా ఊడిరావాలి. ఎందుకంటే భయపడ్డ పిల్లిని బయటికి లాగాల్సిన పని లేకుండా, అడుగు భాగంలో కూర్చోబెట్టే డాక్టర్ పరీక్ష చేయొచ్చు. మెత్తటి గుడ్డ సంచుల్లో ఈ సౌకర్యం తక్కువ. అదే కొనాల్సి వస్తే పైన కూడా జిప్పు ఉన్నది చూడండి.

ఒక పిల్లికి ఒక క్యారియర్. ఇంట్లో ఎంత కలిసిమెలిసి ఉన్నా సరే, భయంలో పక్కనున్నదాని మీదే విరుచుకుపడతాయి.

2. క్యారియర్‌ని ఇంట్లో మామూలు సామాను చేసేయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ఏడాదంతా అటక మీద ఉండి, ఏడాదికోసారి కిందికి దిగే డబ్బా అంటే పిల్లికి ఒకటే అర్థం. దాన్ని మార్చడానికి కనీసం రెండు మూడు వారాలు కేటాయించండి.

ముందు పైమూత, తలుపు తీసేసి, అడుగు భాగాన్ని మాత్రమే పిల్లి తిరిగే చోట పెట్టండి. లోపల దాని గుడ్డ పరవండి. మీరేమీ చేయొద్దు, దాన్ని అదే వచ్చి వాసన చూడనివ్వండి. తర్వాత తిండి గిన్నెను అంచు దగ్గర పెట్టి, రోజురోజుకీ కొద్దికొద్దిగా లోపలికి జరపండి.

ఇప్పుడు వెనక కాళ్లను గమనించండి. చాలా పిల్లులు మొదట్లో మెడ సాచి, ముందు కాళ్లు మాత్రం లోపల పెట్టి, వెనక కాళ్లు బయటే ఉంచి తింటాయి. చిన్న చప్పుడైనా వెనక్కి దూకడానికి సిద్ధంగా ఉంటాయన్నమాట. నాలుగు కాళ్లూ లోపల పెట్టి, తిన్నాక అక్కడే కూర్చుని మూతి నాక్కుంటోందా? అప్పుడు పైమూత బిగించండి. మళ్లీ అదే స్థాయికి వచ్చాక తలుపు పెట్టండి, కానీ తెరిచే ఉంచండి. ఆ తర్వాత అది తింటున్నప్పుడు తలుపు ఐదు సెకన్లు మూసి తీయండి. ఈ వ్యవధి పెంచుకుంటూ పోండి. చివరగా ఎత్తి ఇల్లంతా ఒక చుట్టు తిప్పి దించి, తిండి పెట్టండి.

ఏ మెట్టు దగ్గరైనా పిల్లి వెనకడుగు వేస్తే మీరూ ఒక మెట్టు వెనక్కి రండి. తొందరపడి లోపలికి నెట్టి తలుపు వేశారంటే వారాల శ్రమ ఒక్క నిమిషంలో పోతుంది. చెకప్ అయ్యాక కూడా క్యారియర్ అక్కడే ఉండాలి, మళ్లీ అటకెక్కించకండి.

టైం లేదు, అపాయింట్‌మెంట్ రేపే అంటారా? అయితే ఈ రాత్రే బయట పెట్టి గుడ్డ పరవండి, 6వ మెట్టులో చెప్పిన తువ్వాలు పద్ధతి వాడండి.

3. ఇంట్లో అంకెలు రాసుకోండి

డాక్టర్ మీ పిల్లిని చూసేది కొద్ది నిమిషాలు. మీరు చూసేది రోజంతా. అక్కడ భయంతో బిగుసుకుపోయిన పిల్లి చెప్పలేనివి మీ కాగితం చెప్తుంది.

- ఊపిరి: గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. పదేపదే అంతకు మించుతుంటే చెకప్ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. గుర్‌గుర్ మంటున్నప్పుడు లెక్కపెడితే అంకె తప్పొస్తుంది.
- బరువు: పిల్లిని ఎత్తుకుని మెషీన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసివేయండి. నెలకోసారి చాలు. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే బరువులో పదో వంతు పోయినట్టు. కంటికి ఆనకపోయినా అది పెద్ద విషయమే.
- నీళ్లు, మూత్రం, మలం: ముందుకంటే ఎక్కువా, తక్కువా? లిట్టర్‌లో మూత్రం ముద్దలు పెద్దవయ్యాయా?
- వీడియోలు: దగ్గు, కుంటడం, వింతగా ఊపిరి తీయడం. ఇవి వెట్ ముందు చేసి చూపించదు. ఫోన్‌లో పట్టి ఉంచండి.

4. అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు

రద్దీ తక్కువగా ఉండే టైం ఎప్పుడో కనుక్కోండి. కుక్కలు లేని వేళలు, పిల్లులకు విడిగా గది ఉన్నాయా అని అడగండి. మీ వంతు వచ్చేదాకా బయటే వాహనంలో ఉండొచ్చా అనీ అడగండి. రక్తపరీక్ష ఉంటే ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో వాళ్లే చెప్తారు. నీళ్లు మాత్రం ఆపకండి. కూనలను, షుగర్ ఉన్న పిల్లులను సొంతంగా పస్తు పెట్టకండి.

పోయినసారి కరిచింది, రక్కింది, భయంతో మూత్రం పోసేసింది అంటే ఆ మాట దాచకుండా చెప్పండి. అలాంటి పిల్లులకు బయల్దేరే రెండు మూడు గంటల ముందు ఇచ్చేందుకు గాబాపెంటిన్ లాంటి, భయం తగ్గించే మందు రాసిస్తారు. కొద్దిగా మత్తుగా, తూలుతూ ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ముందు ఒక రోజు ఇంట్లోనే ఇచ్చి చూడొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

హెచ్చరిక: మనుషుల మాత్రలేవీ మీ అంతట మీరు ఇవ్వొద్దు. పారాసిటమాల్ ఒక్క మాత్రకే పిల్లి ప్రాణం పోవచ్చు.

5. బయల్దేరే రోజు

వేరే సూచన లేకపోతే మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపండి (కూనలకు, షుగర్ ఉన్న పిల్లులకు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి). దారిలో వాంతులు తగ్గుతాయి, అక్కడ ఇష్టమైన తిండి చూపిస్తే తింటుంది కూడా. ఫెరోమోన్ స్ప్రే (పిల్లిని శాంతపరిచే వాసన ఉన్న స్ప్రే) ఉంటే క్యారియర్‌లోని గుడ్డ మీద 15 నిమిషాల ముందు కొట్టి ఆరనివ్వండి. పిల్లి లోపలున్నప్పుడు కొట్టకండి.

గంట ముందే పిల్లిని ఒక చిన్న గదిలోకి రప్పించి తలుపు వేయండి. మంచాలు, బీరువాలు లేని గదైతే మంచిది. ఆఖరి నిమిషంలో ఇల్లంతా తరిమితే ఇక ఆ రోజు చెకప్ సగం పోయినట్టే.

6. లోపలికి ఎక్కించడం

రెండో మెట్టు సరిగ్గా చేసి ఉంటే, గుడ్డ మీద తిండి వేయండి, అది లోపలికి వెళ్లాక నెమ్మదిగా తలుపు వేయండి. అంతే.

వెళ్లకపోతే తువ్వాలు పద్ధతి. పక్కనుంచి వెళ్లి, ఎదురుగా వంగకుండా, పెద్ద తువ్వాలు దాని వీపు మీద పరిచి రెండు వైపులా ఒంటికి చుట్టండి. ముందు కాళ్లు లోపల ఉండాలి, ముక్కు బయట ఉండాలి. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తి, పైమూత తీసిన క్యారియర్‌లోకి తువ్వాలుతో సహా దించి మూత బిగించండి. పైమూత ఊడని క్యారియరైతే తలుపు పైకి వచ్చేలా నిలబెట్టి గోడకు ఆనించండి. వెనక కాళ్లు ముందుగా లోపలికి వెళ్లేలా దించండి. తల ముందు పెట్టి నెట్టారంటే నాలుగు కాళ్లూ అంచుకి తన్నిపెడుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మెడ మీది తోలు పట్టుకుని ఎత్తడం. తల్లి కూనను అలా మోస్తుందని చెప్తారు కానీ, పెద్ద పిల్లికి అది నొప్పి, భయం. కదలకుండా ఉండిపోతుంది, అది నెమ్మదించడం కాదు. పిల్లి వైద్యులూ ఆ పద్ధతి వద్దనే చెప్తున్నారు.

బయల్దేరే ముందు మూత క్లిప్పులన్నీ, తలుపు గొళ్లెం ఒకసారి లాగి చూడండి. రోడ్డు మీద పైమూత ఊడితే పిల్లి దొరకడం కష్టం.

7. దారిలో

క్యారియర్‌ని పైనున్న పిడి పట్టుకుని ఊపుకుంటూ నడవకండి. రెండు చేతులతో అడుగున పట్టుకుని ఒంటికి ఆనించి మోయండి. కారులో అయితే ముందు సీటు వెనక, కింద నేల మీద, కదలకుండా ఉండేలా పెట్టండి. పైన పల్చటి తువ్వాలు కప్పండి, గాలి ఆడేలా ఒక వైపు వదిలేయండి. పాటలు, హారన్లు తగ్గించండి.

అరుస్తోందని తలుపు తీసి ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. అరవడం మామూలే. నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం వాహనం ఆపి, గాలి తగిలేలా చూడండి, చల్లబరచండి. కొద్దిసేపట్లో తగ్గకపోతే వెట్‌కి ఫోన్ చేసి చెప్పి నేరుగా అక్కడికి వెళ్లండి. ఎండలో నిలిపిన వాహనంలో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

8. వంతు కోసం ఆగేటప్పుడు

నేల మీద పెట్టకండి. కుర్చీ మీదో, బల్ల మీదో, మీ ఒళ్లోనో ఎత్తులో పెట్టండి. ఎత్తున ఉంటే పిల్లికి ధైర్యం. తలుపు గోడవైపో, మీ వైపో తిప్పండి. కుక్కను "హలో చెప్పు" అంటూ దగ్గరికి తెచ్చేవాళ్లు ఉంటారు, మర్యాదగానే వద్దనండి. పక్కవాళ్ల పిల్లికి కూడా చూపించకండి, అంటుజబ్బులూ ఉంటాయి.

9. పరీక్ష గదిలో

గది తలుపు, కిటికీలు మూసి ఉన్నాయో లేదో చూసి క్యారియర్ తలుపు తెరవండి. మీరు డాక్టర్‌తో మాట్లాడుతుండగా అదే బయటికి వస్తే మంచిదే. రాకపోతే పైమూత తీయండి. క్యారియర్ వంచి దులపడం, కాళ్లు పట్టి లాగడం వద్దు. తువ్వాలు కింద తల దాచుకుంటే దాచుకోనివ్వండి, చాలా పరీక్షలు అలా ఉండగానే చేసేయొచ్చు.

ఒక మంచి చెకప్‌లో బరువు, ఒంటి తీరు (బక్కగా ఉందా, లావుగా ఉందా అనేది; 1 నుంచి 9 దాకా కొలతలో 5 సరైనది), కళ్లు, చెవులు, పళ్లు, చిగుళ్లు, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట తడిమి చూడటం, కీళ్లు, చర్మం ఉంటాయి. మామూలు జ్వరమాపకం అంకె 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. వయసు మీద పడ్డ పిల్లికి బీపీ, కిడ్నీ, థైరాయిడ్, మూత్ర పరీక్ష కూడా అడగండి. చర్మం కింద గుర్తింపు చిప్ వేయించి ఉంటే స్కానర్‌తో చదివించండి, అది పక్కకి జరిగిపోయి ఉండొచ్చు. మీ ఫోన్ నంబర్ మారి ఉంటే రికార్డులో మార్పించండి.

భయంలో ఉన్న పిల్లికి షుగర్, బీపీ పెరిగి కనబడటం మామూలే. ఒక్క అంకె చూసి కంగారుపడొద్దు. షుగర్ జబ్బేనా అని తేల్చడానికి ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష ఉంది, ఆ ఒక్క గంట భయం దాన్ని మార్చలేదు. బీపీని కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు.

గుర్‌గుర్ మంటోంది కదా, సంతోషంగానే ఉంది అనుకోకండి. పిల్లులు భయంలోనూ, నొప్పిలోనూ అలా అంటాయి. కళ్లు చూడండి. కనుపాపలు నల్లగా విచ్చుకుని, చెవులు పక్కకి వాలి, తోక ఒంటికి చుట్టుకుపోయి ఉంటే "కాసేపు ఆపుదామా?" అని డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. అత్యవసరం కాని పరీక్ష ఇంకో రోజుకి వాయిదా వేసుకోవచ్చు.

10. వచ్చేసే ముందు అడగాల్సినవి

- ఇవాళ బరువెంత, పోయినసారి కంటే తేడా ఉందా?
- పళ్లు ఎలా ఉన్నాయి, శుభ్రం చేయించాలా?
- టీకా ఏ కాలికి, ఏ వైపు వేశారు? (పుస్తకంలో రాయించుకోండి.)
- నులిపురుగుల మందు, ఒంటి మీది పురుగుల మందు ఏది, ఎప్పుడు?

చివరిదాని గురించి ఒక హెచ్చరిక. కుక్కల కోసం అమ్మే చుక్కల మందు పిల్లికి వేయొద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం.

11. ఇంటికి వచ్చాక

ఇంకో పిల్లి ఉంటే నేరుగా దాని ముందు వదలకండి. వచ్చిన పిల్లికి వెట్ వాసన పట్టి ఉంటుంది, ఇంట్లోది దాన్ని గుర్తుపట్టక బుసకొట్టి మీద పడొచ్చు. కొన్ని గంటలు వేరే గదిలో ఉంచండి. రెండు పిల్లులూ పడుకునే గుడ్డతో దాని ఒళ్లు తుడవండి. తర్వాత తలుపు సందులోంచి చూసుకోనిచ్చి, మామూలుగా ఉంటే కలపండి. దాని మీద చికాకు చూపించొద్దు, గట్టిగా అరవొద్దు. తిండి, నీళ్లు, దాక్కునే చోటు ఇచ్చి వదిలేయండి.

అంతా సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

అదే రోజు సాయంత్రానికల్లా కొంచెమైనా తిని, లిట్టర్ ట్రే వాడితే బాగున్నట్టే. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండటం, సూది వేసిన చోట కాస్త నొప్పి మామూలే. ముఖం వాయడం, ఆగకుండా వాంతులు, ఊపిరి ఆడకపోవడం మామూలు కావు. ఇవి టీకా వేసిన నిమిషాల్లోనో గంటల్లోనో వస్తాయి, వెంటనే వెనక్కి తీసుకెళ్లాలి. అందుకే టీకా వేయించాక కాసేపు అక్కడే ఆగడం మేలు.

టీకా వేసిన చోట చిన్న గడ్డలా తగిలితే భయపడకుండా తేదీ రాసుకోండి. మూడు గుర్తులు చూడాలి: 3 నెలలైనా పోకపోవడం, 2 సెంటీమీటర్లు దాటడం, టీకా వేసి 1 నెల గడిచాక కూడా పెరుగుతుండటం. ఏ ఒక్కటి నిజమైనా చూపించండి. అరుదే కానీ, అక్కడ క్యాన్సర్ గడ్డ వచ్చే వీలుంది, తొందరగా పట్టుకోవడమే ముఖ్యం.

ఇవన్నీ పాటించినా కొన్ని పిల్లులు మారవు. వాటికి ఇంటికే వచ్చే వెట్ దొరుకుతారేమో అడిగి చూడండి. బరువు, పళ్లు, గుండె, టీకాలు, చాలాసార్లు రక్తం తీయడం దాకా ఇంట్లోనే అయిపోతాయి. ఎక్స్‌రేకీ, పళ్లు శుభ్రం చేయడానికీ మాత్రం క్లినిక్‌కి వెళ్లక తప్పదు. అప్పుడు 4వ మెట్టులో చెప్పిన మందు గురించి ముందుగానే మాట్లాడి, ఒకే మత్తులో చేయగలిగిన పనులన్నీ కలిపి చేయించండి.